చింతగింజ అంచు

నారాయణపేట,
11-3-63

మంజులకు,

అక్క ఆండాళు రాసేది. ఎప్పుడూ ముందు ఆశీర్వాదం రాసి తర్వాత సంగతులు రాసేదాన్ని. ఈసారి కోపం ముందు రాస్తాను. చోటు మిగిలితే ఆశీర్వాదం కింద చూసుకో.

నీ బొమ్మ అచ్చేసిన వారపత్రిక బస్టాండు దగ్గరి చాయ్ హోటల్‌కు వచ్చింది. అక్కడికి వచ్చిందంటే ఊరంతటికీ వచ్చినట్టే. 'చిత్రం: కుమారి మంజులత, డ్రాయింగ్ టీచర్, నల్లగొండ' అని కింద పేరు కూడా వేశారు. మరదలి పేరు పత్రికలో పడిందని మీ బావ తలకు నూనె రాసుకుని మరీ సంబరంగా పోయాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన ముఖం నువ్వు చూడాల్సింది. పత్రిక నా ముందు విసిరి మగ్గం గుంటలోకి దిగి కూర్చున్నాడు గాని, పొద్దుగూకేదాకా ఒక్క పోగు నేయలేదు.

నేనూ చూశాను. ఒక ఆడమనిషి. తల లేదు, మెడ దగ్గర కోసినట్టు ఆగిపోయింది. చీర ఉంది గాని ఉండీ లాభం లేదు. రెండు భుజాల మీది నుంచి కిటికీ పరదాల్లాగా అటూ ఇటూ వేలాడుతోంది. నడుమ పరదా తీసినట్టు ఒళ్లంతా కనిపిస్తోంది. రొమ్ముల చోట రెండు పెద్ద పెద్ద కళ్లు, బొడ్డు చోట ముక్కు, దాని కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా నవ్వే నోరు! ఇదేనా నువ్వు అమ్మ పుస్తెలు కుదువ పెట్టించి నేర్చుకున్న విద్య?

ఇంకో ఊరైతే మగవాళ్లు ఒంటిని చూసి, నవ్వుకుని, పేజీ తిప్పేసేవాళ్లు. ఇది నేతగాళ్ల ఊరు. ఒంటిని కాసేపు చూశారు, చీర అంచును పూటంతా చూశారు. మారయ్య తాత కళ్లద్దాలు పెట్టుకుని వేలు పెట్టి మరీ చూపించాడట. "గోపురాల నడుమ చింతగింజ. గీ అంచు ఊర్ల ఒక్కతే నేస్తది. గిది మన సిద్దయ్య కోడలు గాదుర?" అన్నాడట. అంతే. లోకంలో మనుషుల్ని ముఖం చూసి గుర్తుపడతారు. మన దగ్గర అంచు చూసి గుర్తుపడతారు.

మామ నిన్నటి నుంచి నా చేతి అన్నం తినడం లేదు. శుక్రవారం మార్కండేయుడి గుళ్లో కులపెద్దలు కూర్చుంటున్నారు. ఆ బొమ్మ నాది కాదని అరచేతిలో కర్పూరం వెలిగించుకుని ప్రమాణం చేయాలట. చేస్తాను. ఎందుకు చేయను? నేనెవరి ముందూ అట్లా నిలబడలేదు. నీకు ఉద్యోగం వచ్చినప్పుడు నేను నేసిచ్చిన చీర గదిలో దండెం మీద ఉండి ఉంటుంది, దాన్ని చూసి గీసి ఉంటావు. అంతే కదా? ఆ ఒళ్లు ఎవరిదైనా నాకు పని లేదు. నాది కాదని రెండు ముక్కలు వెంటనే రాయి. అవి పెద్దలకు చూపిస్తాను.

చోటు అయిపోయింది.

ఆండాళు


నల్లగొండ,
16-3-63

అక్కకు,

మంజుల నమస్కారాలు. హైదరాబాదులో బొమ్మల ప్రదర్శన ముగించుకుని నిన్ననే వచ్చాను. ఉత్తరం ఇవాళే చూశాను. చదువుతుంటే మొదట నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది.

బొమ్మంటే ఫోటో కాదు అక్కా. ఎవరినో నిలబెట్టి తీసేది కాదు. ఈ సంగతి నీకే కాదు, హైదరాబాదులో సూటు వేసుకున్నవాళ్లకూ తెలియదు. ఒక పెద్దమనిషి నా బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, పక్కవాడితో "అద్దం ముందు నిలబడి గీసుకుందేమో" అన్నాడు. నేను వెనకే ఉన్నాను. ఇంకొకాయన, తల లేదు గనుక ఇది నేటి స్త్రీ అజ్ఞానానికి గుర్తు అని విడమరిచి చెప్పాడు. మరొకాయన ఇదంతా తెల్లవాళ్ల దగ్గర ఎరువు తెచ్చుకున్న తిక్క అన్నాడు. వీళ్లంతా గుడి గోపురం మీద బట్టల్లేని బొమ్మలకు దండం పెట్టి వచ్చినవాళ్లే. మగవాడు చెక్కితే శిల్పం, నేను గీస్తే బరితెగింపు. వాళ్లతో కొట్లాడి కొట్లాడి గొంతు పోయింది. ఇంటికొస్తే నీ ఉత్తరం!

నాది కాదని రాయమన్నావు. ఎట్లా రాయను? అది నువ్వే. నిజంగా గుర్తుకు రాలేదా? అమ్మ నూలుకు నీలం అద్దిన రోజు. పెరట్లో తడిక చాటున మనకు నీళ్లు పోస్తోంది. నేను ఒళ్లు కాలే జ్వరం నుంచి లేచి, స్నానం చేయనని ఏడుస్తున్నాను. నువ్వు అప్పటికే పెద్దదానివి, పెళ్లి మాటలు నడుస్తున్నాయి. నీలం వేళ్లతో నీ ఒంటి మీద కళ్లు గీసుకుని, పొట్ట మీద నోరు గీసుకుని, పొట్టను లోపలికీ బయటికీ అంటూ ఆ నోటిని నవ్వించావు. అమ్మ చెంబు వదిలేసి, నేల మీద కూలబడి నవ్వింది. ఆమె అట్లా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

క్యాలెండర్లలో ఆడవాళ్లను చూశావు కదా, కళ్లు దించుకుని ఎవరో చూడటం కోసమే నిలబడినట్టు ఉంటారు. అట్లాంటివి నేనూ చాలా గీశాను, చాలా చించేశాను. ఆడదాని ఒంటిని అందరూ చూస్తారు, ఈ ఒళ్లు తిరిగి చూస్తుంది. అది నీ దగ్గర నేర్చుకున్నదే.

ఇంకో మాట. ఈ బొమ్మ ఎవరి సిగ్గులేనితనమని ఒక పాఠకుడు పత్రికకు రాశాడు. నేను జవాబు పంపాను, ఈ వారం సంచికలో పడుతుంది. చదివితే నీ కోపం పోతుంది. బావకు కూడా చూపించు.

మంజుల


నారాయణపేట,
24-3-63

మంజులకు,

బావకు చూపించమన్నావు. నేను చూపించే పని లేకుండానే ఊరంతా చూసింది.

శుక్రవారం నాడు ప్రమాణం చేశాను. కర్పూరం ఆరేదాకా చెయ్యి కదపలేదు. అరచేతిలో బొబ్బ లేచింది. 'ఆ బొమ్మ నేను కాదు, నాతో దానికి ఏ సంబంధమూ లేదు' అన్నాను. పెద్దలు నమ్మారు. మామ ఆ సాయంత్రం నా చేతి అన్నం తిన్నాడు. మారయ్య తాత కూడా "తప్పయింది బిడ్డ, ముసలి కండ్లు" అన్నాడు.

బుధవారం నాడు పత్రిక వచ్చింది. 'ఆ నవ్వు మా అక్కది. ఆ ఒళ్లు మా అక్కది. నాకు సిగ్గు లేదు, గర్వం ఉంది' అని నీ మాటలు నల్లటి అక్షరాల్లో ఉన్నాయి. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. నీకు గర్వం ఉంటే నువ్వు ఉంచుకో. అది నా నెత్తిన ఎందుకు పెట్టావు?

మళ్లీ పిలిచారు. "దేవుని ముంగట అబద్ధమాడిన దాని చేతి గుడ్డ ఎవడు కడ్తడు?" అన్నారు. నా అంచు ఊళ్లో ఎవరూ నేయొద్దు, ఏ దుకాణంలోనూ కొనొద్దు అని తేల్చారు. ఆ అంచు నేను కనిపెట్టింది మంజులా. పిల్లవాడు చనిపోయిన ఏడాది, ఏడుపు ఆపుకోవడానికి గోపురాల నడుమ గింజ కూర్చుకుంటూ కూర్చున్నాను. శేటు దుకాణంలో 'ఆండాళు అంచు ఉన్నదా' అని అడిగి కొంటుంటే, ఈ ఊళ్లో నాకంటూ ఒక పేరు ఉందని అనుకునేదాన్ని.

ఇంటికొచ్చి మీ బావ కత్తెర తీసుకుని నా మగ్గం మీద పడుగు కోశాడు. సగం నేసిన చీర. నిలువు పోగులన్నీ ఒక్కసారి తెగి కిందపడ్డాయి. మా ఇంట్లో నేసే పడుగును కోయరు, కోస్తే పీనుగ లేచినట్టే. అత్త సోమమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. నాకోసం కాదు, నూలు కోసం. ఇప్పుడు పక్కింటి వాళ్లకు నూలు కండెలు చుట్టిపెడుతున్నాను, చేతులు ఊరుకోవడం లేదు గనుక.

తిరిగి చూస్తుందన్నావు. తల కోసేసిన మనిషి ఏం చూస్తుంది? ఆ నవ్వు గుర్తులేక కాదు. అది జ్వరంతో ఉన్న నీకోసం, మొగుడు పోయి నవ్వు మరిచిన అమ్మ కోసం. చుట్టూ తడిక ఉంది. తడిక ఎందుకు కట్టారనుకున్నావు? నువ్వు తడిక పీకి నన్ను బజార్లో నిలబెట్టావు. పైగా కళ అంటావు.

దాన్ని తగలబెట్టు. కాల్చానని రాసేదాకా నాకు ఉత్తరం రాయకు.

ఆండాళు


నల్లగొండ,
29-3-63

అక్కా,

రాయకు అన్నావు. అయినా రాస్తున్నాను. చించేయదలిస్తే చదివి చించేయి.

పడుగు కోసింది బావ. నీ అంచు నేయొద్దన్నది పెద్దలు. నీ చెయ్యి కాల్చింది వాళ్లు. నిప్పు మాత్రం నా బొమ్మకు పెట్టాలా? కత్తెర పట్టుకున్న చేతిని ఒక్క మాట అనలేదు నువ్వు. ఆ కోపమంతా మూటగట్టి నల్లగొండకు పంపావు. నేను దూరంగా ఉన్నాను, తిట్టినా తిరిగి కొట్టను, అందుకే కదా?

తల ఎందుకు లేదో చెప్తాను విను. మొదట నీ ముఖమే గీశాను. ముక్కుపుడకతో సహా. చూసుకుంటే భయమేసింది, నారాయణపేటలో ఎవరైనా గుర్తుపడితే నీకు కష్టమని. మెడ దాకా చెరిపేశాను. అంచు సంగతి తట్టలేదు. నేతగాళ్ల ఇంట్లో పుట్టి అంచు మరిచిపోయాను. దానికి తిట్టు, పడతాను. పత్రికకు రాసేముందు నిన్నొక మాట అడగలేదు, దానికీ తిట్టు. బొమ్మ గీసినందుకు మాత్రం తిట్టించుకోను.

నాకూ ఇక్కడ పూలదండలు వేయడం లేదు. హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, ఇకపై పిల్లలతో ఆకులు, జామపండ్లు తప్ప ఏమీ గీయించొద్దని చెప్పింది. జామపండును నిలువుగా గీయించాలా అడ్డంగా గీయించాలా అని అడిగాను. నోటీసు ఇచ్చింది. ఇల్లుగలామె నర్సింగమ్మ మాత్రం కిరాయికి వచ్చినప్పుడల్లా బొమ్మ ముందు ఆగుతుంది. "ఏందమ్మా గిది, నన్ను జూసి నవ్వుతాంది. నేనేం జేసిన?" అంటుంది. మళ్లీ తనే నవ్వుతుంది. హైదరాబాదు పెద్దమనుషుల కంటే ఆమెకే బాగా అర్థమైందనిపిస్తుంది నాకు.

పత్రికలో అది అరచేయంత, నల్లసిరా ముద్ద. నా గదిలో అది మనిషంత ఎత్తు, నీలం. నువ్వు దాన్ని చూడనే లేదు అక్కా. చూడకుండా చంపమంటున్నావు. రా, వచ్చి చూసి అప్పుడు అను.

కాల్చను.

మంజుల


నల్లగొండ,
19-4-63

అక్కా,

మొన్న బావ కార్డు వచ్చింది. 'మీ అక్క అన్నం ముట్టుటలేదు. ఆ బొమ్మ ఉన్నంతవరకు తాను ఉండనని బావి దిక్కు పోవుచున్నది. ఏమైనా అయిన పాపము నీదే' అని రాశాడు. మూడు వారాలుగా నీ దగ్గర నుంచి ఒక్క ముక్క లేదు. నమ్మకుండా ఎట్లా ఉండను?

నిన్న బడి నుంచి వచ్చి బొమ్మ మీద తెల్లరంగు పూశాను. కాల్చడానికి చేతులు రాలేదు. నోరు త్వరగానే పోయింది. కళ్లు పోలేదు. పూసిన కొద్దీ నీలం మళ్లీ పైకి తేలింది. ఆరనిచ్చి, మళ్లీ పూసి, మళ్లీ పూశాను. ఇప్పుడు గోడకు సున్నం వేసినట్టు ఉంది, ఏమీ లేదు. నర్సింగమ్మ తలుపు దగ్గర నిలబడి "ఏం బుట్టింది బిడ్డ నీకు?" అని తిట్టిపోయింది.

వాళ్లందరూ గెలిచారు. చాయ్ హోటల్‌వాళ్లు, గుడిలోవాళ్లు, సూటువాళ్లు, హెడ్‌మిస్ట్రెస్. వాళ్లు చెప్పినా వినలేదు, నీకోసం విన్నాను. నీమీద నాకు చెప్పలేనంత కోపంగా ఉంది. అన్నం తిను. బతికి ఉండి నామీద కోపంగా ఉండు.

మంజుల


నారాయణపేట,
20-4-63

చెల్లెకు,

అక్క ఆశీర్వాదాలు. ఇన్నాళ్లూ మొండికేసి రాయలేదు. 'నేను దూరంగా ఉన్నానని నామీద పడ్డావు' అన్న మాట ముల్లులా దిగబడింది. నిజం కాకపోతే ఎందుకు అంత నొప్పి పెట్టాలి?

ఇంట్లోవాళ్లంతా ఆత్మకూరుకు పెళ్లికి పోయారు. నన్ను తీసుకుపోలేదు. "బొమ్మామెను తోల్కపోతే పెండ్లికూతుర్ని ఎవలు జూస్తరు" అని అత్త అందట. మంచిదే. ఇల్లంతా నాదైంది. పక్కింటి వాళ్ల నూలుకు నీలం అద్దిపెట్టి, స్నానానికి తడిక చాటుకు పోయాను. వేళ్లు నీలంగా ఉన్నాయి. ఏం పుట్టిందో ఏమో, కళ్లు గీసుకున్నాను. నోరు గీసుకున్నాను.

ఇప్పుడు నాది అప్పటి పొట్ట కాదు మంజులా. ఇద్దర్ని మోసిన పొట్ట. ఒకడు ఉన్నాడు, ఒకడు పోయాడు. అంతా ముడతలు. కళ్లు కిందికి వాలాయి. నోరు గీస్తే బోసిముసలమ్మ నవ్వినట్టు వచ్చింది. పట్టపగలు, ఒక్కదాన్ని, గోడకు ఆనుకుని పగలబడి నవ్వాను. నవ్వి నవ్వి ఏడ్చాను. పక్కింటి యాదమ్మ గోడ మీదుగా "ఏమయింది వొదినె, పాము గిట్ల కనబడ్డదా?" అని అరిచింది. "కనబడ్డది, నన్ను జూసి అదే ఉర్కింది" అన్నాను.

తర్వాత నీ పత్రిక తీసి మళ్లీ చూశాను. అప్పుడు అర్థమైంది. హోటల్లో కూర్చున్నవాళ్లు దాన్ని చూసినంతసేపూ అది వాళ్లను చూసింది, చూసి నవ్వింది. ఆ నవ్వు వాళ్లు పడలేకపోయారు. ఒంటి మీది నుంచి చూపు తిప్పుకోవడానికి అంచు వెతుక్కున్నారు. అంచు దొరికాక నన్ను వెతుక్కున్నారు. తప్పు ఎవరిదైతే వాళ్ల చేతిలో గదా కర్పూరం పెట్టాలి! నా చేతిలో పెట్టారు, నేనూ పట్టుకున్నాను. ఆ కోపం ఇప్పుడు ఎక్కడ దించుకోవాలో తెలియడం లేదు.

నీమీద కోపం పోయిందనుకోకు. నన్ను అడగకుండా గీశావు, అడగకుండా అచ్చులో పెట్టావు. అది వచ్చి తేల్చుకుంటాను. వచ్చేవారం మహబూబ్‌నగర్‌లో బస్సు మారి వస్తాను. అప్పటిదాకా బొమ్మను కాల్చకు, ఎవరికీ అమ్మకు. మనిషంత ఎత్తు అన్నావు కదా. దాని ఎదురుగా నిలబడి చూడాలి నేను.

అక్క


నారాయణపేట,
24-4-63

మంజులా,

నీ ఉత్తరం నా ఉత్తరానికి ఎదురొచ్చింది. చదివి గడప మీదనే కూర్చుండిపోయాను.

మీ బావ రాసింది అబద్ధం. నేను పూటపూటా తిన్నాను. కోపమొస్తే నాకు ఆకలి ఎక్కువవుతుందని నీకు తెలియదా? ఈ ఎండల్లో మా వాడ బావిలో చెంబు మునిగే నీళ్లు లేవు, దూకితే కాలు విరుగుతుంది తప్ప ప్రాణం పోదు. ఆయన్ను నిలదీశాను. "గట్ల రాస్తెనే నీ చెల్లె ఇంటదని రాసిన" అన్నాడు. ఏమాత్రం సిగ్గుపడలేదు. అంచును గుర్తుపట్టే ఊళ్లో పుట్టావు, అక్కను మాత్రం గుర్తుపట్టలేకపోయావు. నేను బావి చుట్టూ తిరిగే మనిషినా? ఒక్క ఉత్తరం రాసి నన్ను అడిగితే చేయి పడిపోయేదా?

గీసేటప్పుడు నన్ను అడగలేదు. అచ్చులో ఆ ఒళ్లు నాదని చాటేటప్పుడు అడగలేదు. పెద్దలు నా అంచు ఆపేటప్పుడు అడగలేదు. ఆయన నా పడుగు కోసేటప్పుడు అడగలేదు. చివరికి నువ్వు నన్ను చెరిపేటప్పుడు కూడా అడగలేదు. నాకోసమే అన్నారు అందరూ, ఇంటి పరువు కోసం, నా ప్రాణం కోసం. నాకోసం చేసే పనుల్లో నా మాట మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. కాల్చమని నేనే అన్నాను, అవును. అన్నది చూడకముందు. ఇప్పుడు చూద్దామంటే సున్నం గోడ మిగిల్చావు. రాత్రంతా పళ్లు కొరుక్కున్నాను నిన్ను తలుచుకుని.

శనివారం పొద్దున బస్సెక్కుతున్నాను. నల్లగొండ పోతున్నానని మామతో చెప్పేశాను. "గీ ఇంటి కడప దాటితె మల్ల లోపట అడుగు పెట్టకు" అన్నాడు. "మగ్గం నాది, కొడుకు నావోడు, ఎందుకు పెట్ట? పెడ్త" అన్నాను. మీ బావ తెగిన పోగులు ఒక్కొక్కటే ముడివేసుకుంటూ కూర్చున్నాడు, నేను చెప్పకుండానే. ముడివేస్తే వేయనీ. ఆ చీర నేను కట్టను.

ఆ తెల్లటి గుడ్డ అట్లనే ఉంచు, పారేయకు. దాని మీదనే మళ్లీ గీద్దువు. నేను కూర్చుంటాను. ఇప్పటి పొట్టే గియ్యి, ముడతలతో. కళ్లు వాలినవే పెట్టు. ఈసారి తల కూడా పెట్టు, ముక్కుపుడకతో సహా, కింద నా పేరు రాయి. మారయ్య తాతకు అంచు వెతికే శ్రమ తప్పుతుంది.

కుంచె ముంచేముందు మాత్రం నన్ను అడుగు. ఒప్పుకుంటానని తెలిసినా సరే, అడుగు.

ఆండాళు